గీత గీసేటోడు ఎవడు? గీత కింద పడేటోడు ఎవడు?

మల్యాల నుంచి జగిత్యాలకు పోయే తొవ్వల బస్సు కిటికీల నుంచి చూడుండ్రి. నిన్నటి మక్కచేన్లల్ల ఇయ్యాల హద్దురాళ్లు. కొండగట్టు అంజన్న పేరు చెప్పి భూమిని గజాల లెక్కన అమ్ముతుండ్రు. ఏది పొలంగ ఉండాలె, ఏది బంగ్లాలు కావాలె అని ఊరోళ్లను అడిగినోడు లేడు.

అడగకపోతే ఏమైతదో 2023 జనవరిల జగిత్యాల చూపెట్టింది. మున్సిపాలిటీ మాస్టర్ ప్లాన్ ముసాయిదా తెచ్చింది. తిమ్మాపూర్, మోతె, నర్సింగాపూర్ అసొంటి చుట్టుపక్కల ఊర్ల రైతులు రోడ్డెక్కిండ్రు. పచ్చని పొలాలకు రిక్రియేషన్ జోన్ అని రంగు పూసిండ్రు. ఆ మాటకు అర్థమేందో మొదలు ఎవలకు తెల్వదు. తెల్సినంక నిద్ర పట్టలె. జోన్ల పడ్డ భూమిల ఇల్లు కట్టుకోవస్తదో రాదో తెల్వదు, బిడ్డ పెండ్లికి అమ్మవోతే కొనేటోడు దొరుకడు. పట్టా మనది, పెత్తనం పటానిది! జనం తిరగబడ్డంక జనవరి 20న ప్లాన్ రద్దుకు కౌన్సిల్ తీర్మానం చేసింది. అదే రోజు కామారెడ్డి కౌన్సిల్ గూడ చేసింది. అక్కడ తీర్మానానికి ముందే ఒక రైతు పానం తీసుకున్నడు.

పొలానికి ఇన్ని జోన్లు పెట్టే సర్కారు బంగ్లాలకు ఏం హద్దు పెట్టింది? 2006 మార్చిల 86 జీవోతోని హైదరాబాద్‌ల జాగను బట్టి ఎంత కట్టాలన్న పరిమితే తీసేసిండ్రు. రోడ్డు ఎడల్పు, చుట్టూ ఇడిచే జాగ చూసి ఎత్తు. ఇది ఆంధ్ర పాలకుల రియల్ ఎస్టేట్ జీవో అని తిట్టినం. 2012ల 168 జీవోల గూడ దాదాపు అదే పద్ధతి నడిచింది. 2014ల మన రాష్ట్రం అచ్చింది. జీవో మాత్రం మనతోనే అచ్చింది. దాని మీద మనం ఒక్క ధర్నా చెయ్యలె, ఈ రాసేటోనితో సహా.

2020ల బీపాస్ చట్టం అచ్చింది. 75 గజాల లోపు ఇల్లు కట్టుకునే పేదోనికి రూపాయితో పని అయితది. మంచిదే, లంచం బాధ తప్పింది. కని 500 చదరపు మీటర్ల దాక జాగల 10 మీటర్ల ఎత్తుకు సొంత ధ్రువీకరణే సాలు. పక్కింటోన్ని అడిగేది లేదు. గల్లీ అదే, మోరీ అదే, నల్లా పైపు అదే. ఇండ్లు మాత్రం రెండింతలు. వాన కొడితే మోరీ నీళ్లు కింది ఇంట్లకే అస్తయి, పై అంతస్తుకు రావు.

రద్దయిన ప్లాన్ మల్ల ఇంకో పేరుతోని రాదని ఎవలు చెప్పాలె? గడువు పెట్టి అభ్యంతరాలు అడుగుతరట. ఇంగ్లీషుల అచ్చేసిన పటం, ఆఫీసుల ఒక గోడకు. కలుపుకు పోయే అక్క ఆ ఆఫీసుకు ఎప్పుడు పోవాలె? మల్యాల అసొంటి ఊర్లల్ల పంచాయతీ గోడల మీద ఉపాధి హామీ లెక్కలు తెలుగుల రాసినం కదా. జోన్ల పడే సర్వే నంబర్లు రాసేతందుకు గోడ లేదా, సున్నం లేదా?