గాలి లెక్క మన కొట్టములకును కావలెను

పంట ఇల్లు చేరినంత మాత్రమున రైతు గట్టెక్కినట్లు కాదు. మన చాగలమర్రి ప్రాంతమున పసుపు ఉడికించి, ఆరబెట్టి, మెరుగుపెట్టి మార్కెటుకు తోలులోగానే వేసవి గాలివానలు మొదలగును. ఆ దినములలో రైతు నమ్ముకొనునది రేకుల కొట్టమును. పసుపు దాని క్రిందనే, పాడి పశువు దాని క్రిందనే, కొమ్ములు ఏరు కూలి స్త్రీలును దాని క్రిందనే. అట్టి కొట్టము ఎంత గాలికి నిలుచునో లెక్క చూచి కట్టించువారు మాత్రము అరుదు. వెల్డరు అలవాటు ఎట్లో కొట్టమును అట్లే. ఆపైన రేకులు లేవకుండ నాలుగు రాళ్లు, రెండు పాత టైర్లు!

పెద్ద వంతెనలకు, ఎత్తయిన పొగగొట్టములకు ఈ దుస్థితి లేదు. చెన్నైలోని స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ పరిశోధన కేంద్రము వంటి చోట్ల చిన్న నమూనాను గాలి సొరంగములో నిలిపి పరీక్షింతురు. దానికి తోడు ఇప్పుడు కంప్యూటరులోనే గాలిని వీచించి చూచుచున్నారు. కట్టడము చుట్టునున్న గాలిని లక్షలాది చిన్న గడులుగా విభజించి, ప్రతి గడిలోను వేగము, ఒత్తిడి ఎట్లు మారునో 19వ శతాబ్దములో నేవియర్, స్టోక్స్ అను శాస్త్రజ్ఞులు కట్టిన సూత్రములను బట్టి లెక్కింతురు. కప్పు వాలు మార్చినచో ఏమగును, తలుపు తెరచి యున్నచో ఏమగును, గాలి మరొక దిక్కునుండి వచ్చినచో ఏమగును అనునది ఇనుము కొనకముందే తెలియును.

ఈ లెక్కలు చూపు ముఖ్య విషయము ఒకటి గలదు. గాలి కొట్టమును త్రోయుననుకొందుము. నిజమునకు అది కప్పును పైకి లాగును. వాలు తక్కువైన కప్పుపై గాలి ముందంచును తాకగానే రేకును వీడి పైకి లేచును. ఆ చోట ఒత్తిడి పడిపోయి రేకును పీల్చును. ఈ పీల్పు అంచులలోను, మూలలలోను మిక్కిలి హెచ్చు. గాలి వచ్చు వైపు తెరచి, తక్కిన మూడు వైపులు మూసి యున్నచో, లోన చొరబడిన గాలి క్రిందినుండి నెట్టుటయు తోడగును.

భారత ప్రమాణముల సంస్థవారి గాలి పటములో కర్నూలు సెకనుకు 39 మీటర్ల, అనగా గంటకు సుమారు 140 కిలోమీటర్ల వేగపు మండలములో గలదు. విశాఖపట్నమునకు ఇది 50 మీటర్లు. గాలి బాధ కోస్తావారిదే అనుకొనువారు దీనిని గమనింపవలెను. 39 మీటర్ల గాలికి చదరపు మీటరుకు 93 కిలోల ఒత్తిడి వచ్చును. 3 చదరపు మీటర్ల పలుచని రేకు బరువు 15 కిలోలకు మించదు; దానిని పైకి లాగు బలము 280 కిలోలు. గాలి వేగము సగమునకు తగ్గినచో ఒత్తిడి నాలుగవ వంతగును, అయినను 70 కిలోలు ఉండును. దానిపై 20 కిలోల రాయి పెట్టిన ప్రయోజనమేమి? రేకుతోబాటు రాయియు మనుష్యుల నెత్తిన పడును.

ఆ సంస్థవారి ఐ.ఎస్. 875 మూడవ భాగములో నివాసములు కాని వ్యవసాయ కట్టడములను తక్కువ ప్రమాదపు తరగతిలో చేర్చి, 25 ఏండ్ల ఆయుర్దాయము చాలునని గాలి వేగమును కొంత తగ్గించి లెక్కింప అనుమతించిరి. సాధారణ గృహములకు ఇది 50 ఏండ్లు. ఈ వర్గీకరణ నాకు సమ్మతము కాదు. ఊరికి దూరముగానున్న గడ్డివామి కొట్టమునకు అది చెల్లునేమో గాని, పగలంతయు పదిమంది కూర్చుండి పని చేయు కొట్టమునకు చెల్లదు.

కంప్యూటరు చెప్పినదెల్ల వేదము కాదు. ఇంగ్లాండులోని సిల్సో వ్యవసాయ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు (ఇది 2006లో మూతబడినది) ఆరుబయట 6 మీటర్ల ఘనాకారపు కట్టడమును నిలిపి, సహజమైన గాలికే దానిపై ఒత్తిడిని కొలిచిరి. కంప్యూటరు లెక్కలను ఆ కొలతలతో పోల్చగా ముందుగోడ దగ్గర బాగుగనే కుదిరినవి; కప్పుమీది పీల్పు దగ్గర మాత్రము పలు పద్ధతులు పలు తీరుల చెప్పినవి. మనకు కావలసినది ఆ కప్పే కదా! ఆ దేశముననే 1965 నవంబరు 1న ఫెర్రీబ్రిడ్జి విద్యుత్ కేంద్రమున 8 శీతల గోపురములలో 3 కూలినవి. ఒంటరి గోపురమునకు చూచిన లెక్క గుంపులోని గోపురములకు సరిపోలేదు. మన కొట్టములును ఒకదాని ప్రక్క నొకటి ఉండునవే. మరియు ఈ లెక్కలలో సాధారణముగా ఎత్తుకు పోయిన కొలది గాలి వేగము పెరుగునని తీసికొందురు. ఉరుముల మేఘమునుండి ఒక్కుమ్మడిగా నేలకు దిగి నలుదిక్కుల పరచుకొను మన వేసవి గాలి తీరు వేరు. దాని ఉద్ధృతి నేలకు దగ్గరలోనే ఎక్కువ.

అందుచేత నేను కోరునది ఇది. బాపట్ల, మడకశిర వ్యవసాయ ఇంజనీరింగు కళాశాలలవారు మన పల్లెలలో వాడుకలోనున్న మూడు నాలుగు రకముల కొట్టములను తీసికొని లెక్క కట్టవలెను. ఒకటి రెండు గ్రామములలో 3 మీటర్ల ఎత్తునను, 10 మీటర్ల ఎత్తునను గాలిమానములు నిలిపి, ఆ కొలతలతో లెక్కను సరిచూడవలెను. ప్రతి రైతు ఇంజనీరును వెదకికొన నక్కరలేదు. ఒకమారు కట్టిన లెక్క వేయి కొట్టములకు పనికివచ్చును. ఏ వరుసకు ఎన్ని బోల్టులు, దిమ్మ ఎంత లోతు అను పటమును రైతు సేవా కేంద్రము గోడపై అంటించినచో వెల్డరే చూచుకొనును.

అంతవరకు చేయదగినది లేకపోలేదు. అంచులలోను, మూలలలోను జె-బోల్టులు నడిమి వరుసలకంటె దగ్గర దగ్గరగా వేయింపవలెను. రేకు అడ్డపట్టెకు, పట్టె కంబమునకు, కంబము సిమెంటు దిమ్మకు గట్టిగా బిగిసియుండవలెను. పైన చెప్పిన లెక్కన 60 చదరపు మీటర్ల కప్పును లాగు బలము 5 టన్నులు దాటును గనుక బోల్టు ఒక్కటి ఆగి దిమ్మ ఊడినను కొట్టము పోవును. మబ్బు కమ్మినపుడు గాలి వచ్చు వైపు తలుపు మూయవలెను. కప్పుమీది రాళ్లను మాత్రము ఈ వేసవికి ముందే దింపవలెను.