వెంటిలేటర్ చుట్టూ మనుషులు కావాలి

“వెంటిలేటర్ ఎక్కించారంటే మనిషి తిరిగి రాడు.” కొవిడ్ కాలంలో తాడేపల్లిగూడెం బజారు నుంచి కొల్లేటి లంకల దాకా నాటుకుపోయిన మాట ఇది. మహమ్మారి తగ్గినా ఈ మాట తగ్గలేదు. ఇన్‌ఫ్లుయెంజాయో మరో వైరస్సో ఊపిరితిత్తులను పట్టినప్పుడు, రోగిని పెద్దాసుపత్రికి తరలించాలా వద్దా అని ఇంటివారు తర్జనభర్జన పడే క్షణంలో ఈ మాటే ముందుకు వస్తుంది. ఇందులో నిజమెంత, భయమెంత అన్నది తేల్చుకోవడం ప్రాణాలకు సంబంధించిన విషయం. అందుకే ఈ నెల దీనిని చర్చకు పెడుతున్నాము.

వెంటిలేటర్ మందు కాదు. వైరస్ వల్ల వాచి, ద్రవంతో నిండిన ఊపిరితిత్తులు తమ పని తాము చేసుకోలేనప్పుడు, అవి కోలుకునే వరకు గడువు సంపాదించిపెట్టే సాధనం. ఆ గడువులో రోగికి ఏం జరుగుతుందన్నది యంత్రం ఒక్కటే తేల్చదు. వయసు, మధుమేహం, మూత్రపిండాల స్థితి, ఆసుపత్రికి చేరడంలో జరిగిన జాప్యం, మంచం పక్కన ఉన్న సిబ్బంది సంఖ్య, వారి శిక్షణ — ఇవన్నీ కలిసి తేలుస్తాయి.

లెక్కలను సగమే చదివితే ఎంత అనర్థమో 2020 ఏప్రిల్‌లో ప్రపంచం చూసింది. న్యూయార్క్ ప్రాంతంలోని ఒక ఆసుపత్రుల సముదాయం 5,700 మంది కొవిడ్ రోగుల వివరాలను ప్రచురించగా, వెంటిలేటర్ మీద ఉంచినవారిలో 88 శాతం మరణించారన్న వార్త ఖండాంతరాలు దాటింది. వాస్తవానికి అక్కడ వెంటిలేటర్ అవసరమైనవారు 1,151 మంది. అప్పటికి వారిలో 282 మంది మరణించారు, 38 మంది ఇళ్లకు చేరారు. మిగిలిన 831 మంది ఇంకా చికిత్సలోనే ఉన్నారు. ఆ 831 మందిని పక్కనబెట్టి వేసిన లెక్క అది. తరువాత సవరించారు. సవరణ మాత్రం వార్త నడిచినంత దూరం నడవలేదు.

అదే ఏడాది జూన్‌లో బ్రిటన్ నుంచి మరొక ఫలితం వచ్చింది. మామూలు చికిత్స పొందుతూ వెంటిలేటర్ మీద ఉన్న రోగులలో 28 రోజులలోగా 41.4 శాతం మరణించగా, డెక్సామెథసోన్ ఇచ్చినవారిలో అది 29.3 శాతానికి తగ్గింది. ఇది మన ఊరి మందుల దుకాణంలో ఏళ్ల తరబడి దొరుకుతున్న చవకైన మందే. అంతకు ముందే తెలిసిన పాఠాలు మరి రెండున్నాయి. ఊపిరితిత్తులలోకి గాలిని తక్కువ మోతాదులో పంపితే మరణాలు 39.8 నుంచి 31 శాతానికి తగ్గుతాయని 2000లో అమెరికాలోనూ, తీవ్రస్థితిలో ఉన్న రోగిని రోజుకు కనీసం 16 గంటలు బోర్లా పడుకోబెడితే 28 రోజుల మరణాలు సగానికి తగ్గుతాయని 2013లో ఫ్రాన్స్‌లోనూ రుజువైంది. ఈ మూడింటిలో ఏదీ ఖరీదైన యంత్రం కాదు. గొట్టాలు అమర్చిన రోగిని బోర్లా తిప్పాలంటే నలుగురైదుగురు మెళకువ తెలిసినవారు ఒకేసారి చేయి వేయాలి. గాలి మోతాదు గంటగంటకూ సరిచూసే కళ్లు కావాలి.

మన ప్రభుత్వాలు మాత్రం యంత్రాలనే లెక్కపెట్టాయి. 2020 మేలో పీఎం కేర్స్ నిధి నుంచి 50,000 వెంటిలేటర్లకు రెండువేల కోట్ల రూపాయలు ప్రకటించారు. వెంటిలేటర్ మీదున్న ప్రతి రోగికీ ఒక నర్సు ఉండాలన్నది ఇంటెన్సివ్ కేర్ వైద్యం అంగీకరించిన ప్రమాణం. దానికి అటువంటి ప్రకటన ఏదీ రాలేదు. యంత్రానికి ఊపిరినిచ్చేది ఆక్సిజన్. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆ సరఫరా ఒత్తిడి తగ్గి, అధికారిక లెక్క ప్రకారమే 11 మంది రోగులు కన్నుమూశారు. అక్కడ కొరవడింది వెంటిలేటర్ కాదు.

ఇక మన ప్రాంతానికి వద్దాము. తాడేపల్లిగూడెంలో ఏరియా ఆసుపత్రి ఉంది. తీవ్రస్థితిలో ఉన్న రోగికి మాత్రం ఏలూరో విజయవాడో దిక్కు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విభజించాక తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమగోదావరిలో నిలిచింది, ఏలూరు వేరే జిల్లా అయింది. 2023లో ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది, సంతోషమే. కానీ ఊపిరాడని మనిషికి తొలి గంటలు గడిచేది సొంత ఊళ్లోనూ, దారిలోనూ. ఆ గంటలను కాపాడే ఏర్పాటే ఫలితాన్ని సగం నిర్ణయిస్తుంది.

జాప్యానికి దూరం ఒక్కటే కారణం కాదు. 2020 ఏప్రిల్ తొలి రోజులలో ఢిల్లీ నిజాముద్దీన్ నుంచి తిరిగివచ్చినవారి పేరుతో మన సమాజమంతటినీ బోనెక్కించారు. బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం ఆ ఆగస్టులోనే విదేశీ జమాఅత్ సభ్యులపై కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారన్న అభిప్రాయం వ్యక్తం చేసింది. తీర్పు వచ్చేలోగా భయం తన పని తాను చేసింది. పరీక్షకు వెళ్తే పేరు బయటపడుతుందని వెనుకాడినవాడు ఆసుపత్రికి ఆలస్యంగా చేరతాడు, ఆలస్యంగా చేరినవాడి ఊపిరితిత్తులు అప్పటికే దెబ్బతిని ఉంటాయి. ద్వేషప్రచారం వైద్య ఫలితాలను కూడా మారుస్తుంది.

మరొకటి డబ్బు. మన ఇళ్లలో అధికభాగం రోజు కూలీ, తోపుడు బండి, కుట్టుపని, మెకానిక్ షెడ్డు, చిల్లర వ్యాపారం మీద బతికేవి. ఈఎస్ఐ ఉన్న ఉద్యోగాలు తక్కువ. ఆరోగ్యశ్రీ వంటి పథకం బిల్లును మోసినా, దారి ఖర్చు, బయట కొనే మందులు, ఆగిపోయిన సంపాదన కుటుంబం మీదే పడతాయి. చివరకు “మా ఇష్టపూర్వకంగా తీసుకువెళ్తున్నాము” అన్న కాగితం మీద సంతకం చేసి, రోగిని ఇంటికి తెచ్చుకుంటారు. ఆ మరణం ఆసుపత్రి లెక్కలోకి రాదు.

ఇక్కడ ధర్మసందేహం కూడా తలెత్తుతుంది. ప్రాణరక్షణ షరీఅత్ ఐదు పరమలక్ష్యాలలో ఒకటి. మెదడు తిరిగి కోలుకోని రీతిలో పూర్తిగా ఆగిపోయిందని నిపుణులు నిర్ధారిస్తే యంత్రాలు తొలగించవచ్చునని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1986లో అమ్మాన్‌లో తీర్మానించింది. నయంకాని స్థితిలో గౌరవప్రదమైన మరణాన్ని మన సుప్రీంకోర్టు 2018లో హక్కుగా గుర్తించి, 2023లో పద్ధతిని సులభతరం చేసింది. చేతిలో డబ్బు అయిపోయిందన్న కారణంతో యంత్రం తీయించుకోవడానికీ వీటికీ సంబంధం లేదు. అది నిర్ణయం కాదు, నిస్సహాయత.

మరణించాక కూడా కాగితం వెంటాడుతుంది. సుప్రీంకోర్టు ఆదేశాలతో కొవిడ్ మృతుల కుటుంబాలకు 50,000 రూపాయల పరిహారం నిర్ణయమైంది. పరీక్ష తరువాత 30 రోజులలోగా మరణిస్తే కొవిడ్ మరణంగా లెక్కించాలని, ఆసుపత్రిలోనే ఉండి 30 రోజులు దాటాక మరణించినా అలాగే లెక్కించాలని 2021 సెప్టెంబరులో కేంద్రం స్పష్టం చేసింది. వారాల తరబడి వెంటిలేటర్ మీద ఉన్నవారికి ఈ రెండవ నిబంధనే ఆధారం. చెల్లింపుల జాప్యంపై 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రధాన కార్యదర్శిని న్యాయస్థానం పిలిపించవలసి వచ్చింది.

కనుక మా కోరికలు స్పష్టం. ఐసీయూ ఉన్న ప్రతి ఆసుపత్రీ, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, నెలనెలా ఎందరిని వెంటిలేటర్ మీద ఉంచిందో, అందులో కోలుకున్నవారు, మరణించినవారు, వేరే చోటికి పంపినవారు, కుటుంబం తీసుకువెళ్లినవారు ఎందరో విడివిడిగా ప్రకటించాలి. కొవిడ్ రోజుల బులెటిన్‌లో జిల్లాలవారీగా కేసులు, మరణాలు ఉండేవి, ఈ లెక్క ఉండేది కాదు. తాడేపల్లిగూడెం ఏరియా ఆసుపత్రిలో శ్వాస సహాయానికి శిక్షణ పొందిన నర్సులను నియమించాలి, వెంటిలేటర్ అమర్చిన అంబులెన్సును అందుబాటులో ఉంచాలి. ఉర్దూకు 2022లో రాష్ట్రంలో రెండవ అధికార భాష హోదా ఇచ్చారు. అంగీకారపత్రం మీద వేలిముద్ర వేసే ముందు మన పెద్దలకు విషయం వారి భాషలో వివరించడం ఆ హోదాకు కనీస అర్థం.

మనం చేసుకోవలసినదీ ఉంది. హజ్ యాత్రకు వెళ్లే వృద్ధులకు ఇన్‌ఫ్లుయెంజా టీకా వేయించడం మనకు అలవాటే. ఇంట్లో ఉండే వృద్ధులకూ, మధుమేహులకూ డాక్టరు సలహాతో ఆ శ్రద్ధ తీసుకోవాలి. ఆయాసం మొదలైన రోజే ఆసుపత్రికి చేర్చాలని జుమా ప్రసంగాలలో ఇమాములు చెప్పాలి. మసీదు కమిటీలు జకాత్ నిధి నుంచి దారి ఖర్చుకు సాయం చేయాలి, ఆరోగ్య కార్డులు, డిశ్చార్జి కాగితాలు భద్రపరచుకునేలా చూడాలి. ఇది ప్రభుత్వ బాధ్యతకు ప్రత్యామ్నాయం కాదు, దానిని గట్టిగా అడగడానికి కావలసిన బలం.

వెంటిలేటర్ ఎక్కినవారందరూ తిరిగి రారు. సమయానికి చేర్చి, తగిన మనుషులను చుట్టూ నిలిపితే సగానికి పైగా తిరిగి రాగలరని ఆ బ్రిటన్ లెక్కలే చూపాయి. ఆ తిరిగి రావడం పేదవాడికీ, మైనారిటీ వాడికీ సమానంగా దక్కాలి.