పూరీ గేటు దాటితే ఐఐటీ

మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికి ఖరగ్‌పూర్ వచ్చారు. నాన్నా, నేనూ ఇక్కడి వర్క్‌షాపులో ఫిట్టర్లుగానే బతికాం. మథురాకాటి, నింపురా వీధుల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది.

పూరీ గేటు దాటితే ఐఐటీ. 1931 సెప్టెంబర్ 16న అక్కడే ఉన్న హిజ్లీ నిర్బంధ శిబిరంలో బ్రిటిష్ పాలనలోని పోలీసులు ఖైదీలపై కాల్పులు జరిపారు. నిరాయుధులైన సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా నేలకొరిగారు. ఇరవై ఏళ్లకు, 1951లో, అదే భవనంలో దేశపు తొలి ఐఐటీ మొదలైంది. జైలును చదువులకు ఇవ్వడం నా దృష్టిలో స్వతంత్ర భారతం చేసిన గొప్ప పనుల్లో ఒకటి.

ప్రజల సొమ్ముతో నడిచే ఆ విద్యాలయం పక్కనున్న రైల్వే బస్తీని ఇంకా దగ్గరకు తీసుకోవాలి. ప్రవేశ పరీక్షను సడలించమని నేననను. శనివారాలు రైల్వే బడుల పిల్లలకు ప్రయోగశాలలు తెరవండి. లేతు మీద చెయ్యి తిరిగిన మా రిటైరైన కార్మికులను మొదటి ఏడాది వర్క్‌షాపు తరగతులకు పిలవండి. వీల్‌సెట్టు బేరింగు వేడెక్కితే ముందుగా ఏం చూడాలో మావాళ్లు చూపిస్తారు. ఎందుకు వేడెక్కిందో మా పిల్లలకు మీ ప్రొఫెసర్లు లెక్క కట్టి చెప్పాలి. ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టండి.