పటములో లేని పేట



యెహోషువ గ్రంథము 18వ అధ్యాయము చూడండి. ఏడు గోత్రములకు ఇంకా స్వాస్థ్యము రాలేదు. గోత్రమునకు ముగ్గురు చొప్పున దేశమంతా నడిచి, పట్టణముల వివరమును ఏడు భాగములుగా పుస్తకములో వ్రాసి షిలోహుకు తెచ్చారు. ఆ తరువాతే చీట్లు వేశారు. నేలను ఎరుగకుండా పంపకము జరుగలేదు.

నేడు పటము ఫోనులోనే ఉన్నది. అందులో పెద్ద ఊరు కనబడుతుంది గాని, కాలువ అవతల ఉన్న పేట, దానికి వెళ్లే బాట, అక్కడి మందిరము చాలాచోట్ల కనబడవు. అర్ధరాత్రి 108 బండిని పిలిచిన కుటుంబమునకు ఇది చిన్న లోటు కాదు. దీనిని మన యౌవనస్థులే తీర్చగలరు. అందుకు రెండు మార్గములు సూచిస్తున్నాము.

మొదటిది ఆన్‌లైన్ పటము. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2004లో ఇంగ్లండులో ఆరంభమైంది. స్వచ్ఛందముగా గీసేవారి వలననే పెరిగింది. ఆ సైటులో ఉచితముగా ఖాతా తెరచి, మీ ఊరిని వెదకి, ‘ఎడిట్’ నొక్కండి. ఆకాశమునుండి తీసిన ఫొటో వస్తుంది. బోరింగుకు చుక్క, బాటకు గీత, మందిరమునకు చుట్టుగీత పెట్టి, పేరు వ్రాసి సేవ్ చేయండి. మీరు ఎరిగినదే పెట్టండి. గూగుల్ పటమును చూచి ఇందులో దించుట నియమవిరుద్ధము. గూగుల్ పటములో లేని స్థలమును అక్కడే విడిగా సూచించవచ్చును.

రెండవది మన కంప్యూటరులో ఉంచుకొనే క్యూజిఐఎస్. ఇదికూడా ఉచితమే. ఎడమవైపు ‘ఎక్స్‌వైజెడ్ టైల్స్’ క్రింద ఉన్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను రెండుసార్లు నొక్కితే అడుగు పటము వస్తుంది. దానిపై పొరలు చేర్చాలి: ఒక పొరలో ఇండ్లు, ఒకదానిలో బోరింగులు, మరొకదానిలో తుఫాను ఆశ్రయములు. ఫోనులో గుర్తించిన స్థానముల పట్టికను సిఎస్‌వి ఫైలుగా తేవచ్చును. అప్పుడు ‘ఎక్స్’ అంటే రేఖాంశము, ‘వై’ అంటే అక్షాంశము. మన రెండు రాష్ట్రములలో పెద్ద అంకె రేఖాంశమే. అవి తారుమారైతే మన పేట ఉత్తర ధ్రువము దాపున పడుతుంది!

పటమునకు ఇండ్లు ఎరిగినవాని తోడు కావాలి. 1854లో లండనులోని సోహోలో కలరా ప్రబలినప్పుడు, బ్రాడ్ స్ట్రీటు పంపునీరే కారణమని డాక్టర్ జాన్ స్నో మరణములను పటముపై గుర్తించి చూపాడు. అక్కడి యువ పాదిరి హెన్రీ వైట్‌హెడ్ మొదట నమ్మలేదు. అయితే ఇంటింటికి వెళ్లి విచారించి, అది నిజమని తానే రుజువులు తెచ్చాడు.

ఇండ్లు ఎరిగినవానికి భారము కూడా ఉన్నది. మంచము పట్టినవారెవరు, ఒంటరి విధవరాలెవరు, రోగి ఎవరు అనే సంగతులు ఆన్‌లైన్ పటములో పెట్టరాదు. వారి అనుమతి తీసుకొని, తుఫాను వేళ ముందుగా ఎవరి తలుపు తట్టాలో తెలియుటకు సంఘపు కంప్యూటరులో మాత్రమే భద్రముగా ఉంచాలి. దారి అందరిది, ఇంటి బాధ ఆ ఇంటివారిది.

మన పేట దేవుని యెదుట ఎన్నడును మరుగై యుండలేదు. మనుష్యుల పటములోను అది కనబడునట్లు మన పిల్లల చేతులను ఆయన వాడుకొనును గాక. ఆమేన్.