ఇంటి గుట్టును పిల్లలు ముందే పసిగడతారు

మూత్రపిండాల గురించి వ్రాసేచోట పిల్లల నవల ప్రస్తావన ఎందుకని మీరు అడుగవచ్చు. ఉద్దానంలో ఈ రెండింటికీ సంబంధమున్నదని నా అభిప్రాయం.

అమెరికన్ రచయిత్రి ఇ.ఎల్. కోనిగ్స్‌బర్గ్ 1967లో ‘ఫ్రమ్ ది మిక్స్‌డ్-అప్ ఫైల్స్ ఆఫ్ మిసెస్ బేసిల్ ఇ. ఫ్రాంక్‌వైలర్’ అనే నవల ప్రచురించారు. మరుసటి ఏడాది దానికి న్యూబరీ పతకం లభించింది. క్లాడియా అనే బాలిక తమ్ముడు జేమీతో కలిసి ఇల్లు విడిచి, న్యూయార్కులోని మెట్రొపాలిటన్ మ్యూజియంలో రహస్యంగా తలదాచుకొంటుంది. అక్కడి దేవదూత శిల్పాన్ని మైకెలాంజెలోయే చెక్కాడా అన్నది తేలనిదే ఆమెకు ఇంటికి వెళ్లాలనిపించదు. చివరకు శిల్పం గుట్టుతోపాటు ఒక బంధుత్వపు గుట్టూ బయటపడుతుంది. అదేమిటో చెప్పి మీ పిల్లల సంతోషాన్ని పాడుచేయను.

సమాధానం దొరకని ప్రశ్న పసిమనసును నిలువనీయదన్నది ఆ కథ సారం. మన ఇళ్లలో జరుగుతున్నదేమిటి? కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో, సంబంధాలు తప్పిపోతాయన్న భయంతో కిడ్నీ జబ్బును దాచే కుటుంబాలున్నాయి. నాన్న వారానికి రెండు మూడుసార్లు పలాసకో టెక్కలికో ఎందుకు వెళ్తున్నాడో, చేతికి ఆ కట్టు ఎందుకో పిల్లలకు చెప్పరు. చెప్పకపోయినా వారు గమనిస్తూనే ఉంటారు. తన అల్లరి వల్లనే ఇలా అయిందనో, తనకూ అంటుకొంటుందనో ఊహించుకొని లోలోపల కుమిలిపోతారు. చెబితే బెదిరిపోరా అంటారు. తెలిసిన జబ్బుకన్నా తెలియని గుసగుసే పిల్లలను ఎక్కువగా బెదిరిస్తుంది.

ఈ గోప్యత వల్ల వైద్యపరమైన నష్టమూ ఉన్నది. ఈ వ్యాధి తొలిదశలో నొప్పి ఉండదు. ఉద్దానంలో కనిపించే రకంలో మూత్రంలో ప్రోటీను స్వల్పంగానే పోవచ్చు. కనుక మూత్రపరీక్షతోపాటు రక్తంలో క్రియాటినిన్ కూడా చూపించుకోవాలి. అన్న జబ్బు దాస్తే తమ్ముడు పరీక్షకు వెళ్లడు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. మూలకారణం మాత్రం ఇంకా నిర్ధారణ కాలేదు. దానిని వెదికేవారికి ఇంటింటి చరిత్ర కావాలి. మనం దాచిన ప్రతి కేసూ వారికి దొరకకుండా పోయిన ఆధారమే.

అందుచేత నా సూచన ఇది. సెలవుల్లో ఇటువంటి నవలను పిల్లలతో కలిసి చదవండి, లేదా కథగా చెప్పండి. తరువాత ఒక పెద్ద కాగితంపై మీ వంశవృక్షాన్ని వారిచేతనే బొమ్మగా గీయించండి. ఎవరికి ఏ వయసులో జబ్బు వచ్చింది, వారు ఏ పని చేసేవారు, ఏ బావి నీరు త్రాగేవారు అన్న ప్రశ్నలు వారినే అడుగనివ్వండి. ఇది అంటువ్యాధి కాదనీ, ఎవరి తప్పూ కాదనీ స్పష్టంగా చెప్పండి. ఆ కాగితాన్ని దాచకుండా, పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరుకు చూపించండి.