బాయిలరులో నీరెంత?



శ్రీహరికోట అనగానే మీకు రాకెట్లు గుర్తుకు వస్తాయి గదా! 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్టు లేచింది. ఇప్పుడు అక్కడ ఎగిరే పెద్ద రాకెట్లలో కొన్నింటికి ద్రవ హైడ్రోజను నింపుతారు. అది సున్నాకు 253 డిగ్రీలు కిందనుండే ద్రవం. మూత తీసి లోపలికి తొంగి చూడటానికి వీలులేదు. అయినా ఎంత నిండినదీ తెలియాలి.

మూసిన పాత్రలో ఎంత వున్నదో తెలుసుకోవటం రాకెట్టుకంటె పాత సమస్య. శ్రీహరికోటకు వెళ్ళేవారు దిగే సూళ్లూరుపేట స్టేషను మీదుగా ఒకప్పుడు ఆవిరి ఇంజన్లు నడిచేవి. వాటి డ్రైవర్లకు ఇదే చింత. ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఊకతో మండే బాయిలర్ల దగ్గర ఈనాటికీ ఇదే చింత.

ఎందుకంటారా? పొయ్యిమీద గిన్నెలో నీరున్నంతసేపు గిన్నె మాడదు. వేడినంతా నీరే తీసుకుంటుంది. నీరు ఇగిరిపోతే గిన్నె మాడుతుంది. బాయిలరులోనూ అంతే. మంట తగిలే రేకుకు పైన నీరు లేకపోతే రేకు ఎర్రగా కాలి మెత్తబడుతుంది. ఆవిరి ఒత్తిడికి తట్టుకోలేక పగులుతుంది. మామూలు గాలి ఒత్తిడిలో నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది. పగిలిన బాయిలరు ఎంత ప్రమాదమో మీరే ఊహించుకోండి. పోనీ, నీరు మరీ ఎక్కువ పోస్తేనో? ఆవిరితోపాటు నీరూ గొట్టాల్లోకి పోయి యంత్రాన్ని పాడుచేస్తుంది.

మరి లోపలి నీరు కనబడేదెట్లా? కెటిలులో నీరు పోసి చూడండి. లోపల ఎంత ఎత్తున వుంటే ముక్కులోనూ అంత ఎత్తునే వుంటుంది. బాయిలరుకు అమర్చే గాజు గొట్టం ఆ ముక్కువంటిదే. దాని పైకొన ఆవిరి వుండే చోటికీ, కిందికొన నీరుండే చోటికీ కలుపుతారు.

అయితే ఆ దారుల్లో మడ్డి అడ్డుపడితే గాజు అబద్ధం చెబుతుంది! అందుకే దాని అడుగున మరొక కుళాయి వుంటుంది. దాన్ని తెరిస్తే నీరు జోరుగా రావాలి. మూస్తే గాజులో నీరు చటుక్కున తిరిగి లేవాలి. మెల్లగా లేస్తే దారి పూడిందన్నమాట. ఒక సాక్షిని నమ్మరాదు గనుక, బాయిలర్ల నిబంధనలు నీటి మట్టం చూపే సాధనాలు రెండు వుండాలంటాయి.

మనిషి కన్ను కునుకు తీయవచ్చు. అందుకని నీటిని తానే సర్దుకొనే సాధనాలు వచ్చాయి. మీ ఇంటి మీది తొట్టిలో ఫ్లోటు వాల్వును చూచారా? 1760ల్లో రష్యాలో ఇవాన్ పోల్జునోవ్ తన ఆవిరి యంత్రానికి అటువంటి ఫ్లోటునే అమర్చాడు. తరువాత విద్యుత్తు కడ్డీలు వచ్చాయి. కడ్డీ కొన నీటిలో వున్నంతసేపు విద్యుత్తు పారుతుంది. నీరు దిగితే ఆగుతుంది. వెంటనే పంపు తిరుగుతుంది. ఇంకా దిగితే మంట ఆరిపోతుంది.

ఏది ఎన్నుకోవాలి? మడ్డి నీటిలో ఫ్లోటు ఇరుక్కుపోవచ్చు. మరీ శుద్ధమైన నీటిలో విద్యుత్తు సరిగా పారదు. కాబట్టి ముందు నీటిని పరీక్షించాలి. కడ్డీల చుట్టూ ఒక గొట్టం వుండాలి. లేకపోతే మరిగే నీటి పొంగు వాటిని మోసగిస్తుంది. మంట ఆర్పే సాధనం పంపు నడిపే సాధనానికి వేరుగా వుండాలి. అది ఒకసారి మంట ఆర్పితే, మనిషి వచ్చి కారణం చూచేదాకా తిరిగి వెలిగించకూడదు.

గాజులో నీరు బొత్తిగా కనబడకపోతే ఏం చేయాలి? నీరు పోయాలంటారా? వద్దు! కాలిన రేకుమీద నీరు పడితే భగ్గున ఆవిరై కొంప ముంచుతుంది. ముందు మంట ఆర్పాలి. బాయిలరును దానంతటదే చల్లారనివ్వాలి.

ఈ జాగ్రత్తలు ఊరికే రాలేదు. 1863లో కలకత్తాలో బాయిలరు పేలి ప్రాణాలు పోయిన తరువాతనే, 1864లో బెంగాలులో బాయిలర్ల తనిఖీకి చట్టం వచ్చింది. 1923లో దేశానికంతటికీ ఒక చట్టం, 2025లో దాని స్థానే కొత్త చట్టం వచ్చాయి.

చివరగా ఒక చిక్కు ప్రశ్న. కృష్ణపట్నం దగ్గర దామోదరం సంజీవయ్య విద్యుత్కేంద్రంలో పెద్ద బాయిలర్లు నిండుగా పనిచేసేటప్పుడు వాటిలో నీటి మట్టమే వుండదు! నీరు లేకనా? కాదు. ఒత్తిడి గాలి ఒత్తిడికి సుమారు 218 రెట్లు దాటితే నీటికీ ఆవిరికీ మధ్య గీత చెరిగిపోతుంది. మరి అక్కడి పనివారు దేన్ని కనిపెట్టి చూస్తారు? మీ సైన్సు మాస్టారితో కలిసి ఆలోచించండి.