బిడ్డ మౌనమైపోయినప్పుడు



పరీక్షా ఫలితములు వచ్చే నెలలో నంద్యాలలోను, ఆళ్లగడ్డ చుట్టుప్రక్కల పల్లెలలోను ఎన్నో ఇండ్లలో ఆందోళన కనబడుతుంది. మార్కుల సంగతి అందరూ అడుగుతారు. బిడ్డ మనస్సు ఎలా ఉన్నదని అడిగేవారు తక్కువ. 2019లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితముల తరువాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసుకున్నారు. వారు మన బిడ్డలవంటివారే.

10 నుండి 19 సంవత్సరముల వయస్సువారిలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అనగా పద్నాలుగు మంది పిల్లలున్న సండేస్కూలు తరగతిలో ఇద్దరు ఉండవచ్చును. నిద్ర చెడుట, తిండి తగ్గుట, స్నేహితులను తప్పించుకొనుట, చిన్న మాటకే మండిపడుట, కారణము దొరకని తలనొప్పి, కడుపునొప్పి రెండు వారములు దాటినా తగ్గకపోతే దానిని సోమరితనమని, పొగరని కొట్టివేయకండి.

మన ప్రాంతములో ఇలాంటి బిడ్డను చూడగానే గాలి సోకిందంటారు. దిగతుడుస్తారు, తాయెత్తు కడతారు. విశ్వాసులమైన మనము దయ్యమని చెప్పి ఉపవాస ప్రార్థనలకు త్రిప్పుతాము గాని వైద్యుని యొద్దకు తీసుకొని వెళ్లము. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న స్వస్థత కొరకు ఉంచబడి, గొలుసులతో కట్టబడిన 28 మంది అగ్నిప్రమాదములో మరణించారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని గొలుసులతో కట్టుటను నిషేధించినది.

చావు కోరుకొని బదరీ వృక్షము క్రింద పడుకొన్న ఏలీయాను దేవుడు గద్దించలేదు. ముందు నిద్రపోనిచ్చి, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. సువార్త వ్రాసిన లూకా వైద్యుడు. కాబట్టి ప్రార్థన, వైద్యము ఒకదానికొకటి విరోధము కావు.

2023లో వైద్య కళాశాల ప్రారంభమైన నంద్యాలలోని ప్రభుత్వ ఆసుపత్రిలో మొదట విచారించండి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగమున్నది. ఎక్కడికీ వెళ్లలేకపోతే 14416కు ఫోను చేయండి. ఇది 2022లో ప్రారంభమైన టెలి మానస్; రాత్రింబగళ్లు ఉచితముగా తెలుగులో మాట్లాడతారు. పిల్లలకు అన్నిసార్లూ మందులు అవసరము కావు. మాటలతో చేసే చికిత్స కూడా ఉన్నది. మందులు వ్రాసినచో వైద్యుని అడగకుండా మానిపించవద్దు. ప్రార్థన చేశాము గదా అని అసలే మానిపించవద్దు.

చావాలనిపిస్తున్నదా అని అడిగితే బిడ్డకు ఆ ఆలోచన క్రొత్తగా పుట్టదు, గుండె బరువు తగ్గుతుంది. అవునంటే తిట్టవద్దు, ఒంటరిగా వదలవద్దు. ఇంట్లో పురుగుమందు ఉంటే తాళము వేయండి. అదే రోజు వైద్యుని చూడండి.

మా యొద్దకు ప్రార్థనకు రండి, సంతోషము. ఆసుపత్రికి తోడు కావాలన్నా అడగండి. బస్సు ఎక్కి మీతో వస్తాము.